రెండు వేళ్ళ మడత

ముందు నుంచి చూస్తే కారులో మనిషి లేదు. స్టీరింగ్ చక్రం పైన రెండు కళ్ళున్నాయి, కళ్ళ పైన బిగించి దువ్విన జుట్టు ఉంది, అంతే. సీటు మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాడు. పక్కకు జరిగి చూశాడు. మళ్ళీ ముందుకు వచ్చి చూశాడు.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు కెప్టెన్.

"బానెట్టు," అంది కారులోంచి గొంతు. "దాని తర్వాత ఆకాశం."

"మరి కాళ్ళు?"

"కాళ్ళున్నాయి. అందట్లేదు."

షెడ్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. కారులో ఉన్నది అతని కూతురు. ముప్పై రెండేళ్ళు, నాలుగు అడుగుల అయిదు అంగుళాలు. ఇంట్లోనూ బయటా అందరూ చిటికెన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకు చూస్తుంది.

కెప్టెన్ ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. కారు అతనిది, పందేల జట్టు అతనిది, అందుకని కెప్టెన్. ఈ ఏడాది జట్టులో ఒక్క డ్రైవరుకే చోటుంది. ఆ చోటుకు ఇద్దరున్నారు. ఒకతను ఆరడుగులు దాటి ఉంటాడు, నిచ్చెన అంటారు. అతను పోయిన ఆదివారం, ఊరి బయట విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద ఇదే కారు నడిపాడు. మలుపులతో కలిపి ఒక చుట్టుకు నిమిషం పన్నెండు సెకన్లు, పైన మూడు పదోవంతులు. సీటు కింద పిడి లాగి వెనక్కి జరుపుకున్నాడు, బయల్దేరాడు. కారును తనకు సరిపెట్టుకోవడానికి అతనికి పట్టిన సమయం అంతే. వచ్చే ఆదివారం చిటికెన వంతు. నిచ్చెన కంటే పదోవంతు సెకను ముందొచ్చినా ఏడాది పొడవునా స్టీరింగ్ ఆమెది. రాకపోతే సోమవారం మళ్ళీ కార్ల దుకాణం వెనక ఆవరణ. లారీ మీంచి కొత్త కార్లు దింపడం, వరసల్లో పెట్టడం, చంకలో దిండుతో ఒక కారు దిగి ఇంకో కారు ఎక్కడం. ఆరేళ్ళ నుంచి ఆమె అదే పని చేస్తోంది.

"దిండు పెట్టుకుంటే పోలా?" అన్నాడు కెప్టెన్.

"వదులుగా ఉన్నదేదీ లోపల ఉండకూడదు. తనిఖీ ఆయన జేబులో పెన్ను కూడా తీయించేస్తాడు," అన్నాడు జాకీ పక్కన గొంతుక్కూచున్న ఫిట్టరు. మేస్త్రికి బామ్మర్ది, చిటికెనకు మేనమామ. "కారునే పిల్లకి సరిపెట్టాలి. ఇవాళ బుధవారం. నాలుగు రోజులుంది. పెడళ్ళు నేను చూస్తా, సీటు బావ చూస్తాడు."

"మీ బావ కుట్టగలడా? ఇది సోఫా కాదు."

"బావ మనిషిని చూసి చొక్కా కుట్టిన దర్జీ అండీ. మీ పొట్ట చుట్టుకొలత మీరు గుమ్మంలోకి వచ్చినప్పుడే ఆయన మనసులో రాసేసుకుని ఉంటాడు."

కెప్టెన్ ఊపిరి లోపలికి పీల్చి నిటారుగా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రి మెడలోంచి టేపు తీశాడు. బట్టలు కుట్టడం మానేసి కార్ల సీట్లకు మారి పన్నెండేళ్ళయినా టేపు మెడలోంచి దిగలేదు. కూతురిని చెక్కబల్ల మీద కూర్చోబెట్టి కొలిచాడు. నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా పద్నాలుగున్నర. మడత నుంచి మడమ దాకా పదమూడు. తుంటి, భుజం, వెన్ను. ఒక్కో కొలతా సుద్దతో కోత బల్ల అంచు మీద రాశాడు. అతనికి కాగితం మీద నమ్మకం లేదు. కాగితం పోతుంది, బల్ల ఎక్కడికీ పోదు.

"కదలకు."

"నేను కదలట్లేదు నాన్నా. నీ చేతులే కదులుతున్నాయి."

నిజమే. పని లేనప్పుడు అతని చేతులు ఊరుకోవు. బస్సులో కూర్చుంటే పక్కవాడి చొక్కా అంచు వేళ్ళతో కొలుస్తాయి. అన్నం తింటూ ఎడంచెయ్యి కత్తెర ఆడిస్తుంది, కత్తెర లేకపోయినా.

గురువారం అంతా షెడ్డులో ఇద్దరూ వీపులు ఆనించుకున్నట్టు పనిచేశారు. బామ్మర్ది పెడళ్ళ మీదికి అంగుళంన్నర మందం అల్యూమినియం పలకలు కోసి, ఒక్కోదానికి రెండు బోల్టులు వేసి బిగించాడు. మడమలు గాల్లో వేలాడకుండా పెడళ్ళ ముందు గళ్ళ రేకుతో ఇంకో నేల కట్టాడు. మేస్త్రి ఫోమ్ కోశాడు, అంటించాడు, మూలలు చెక్కాడు, పైన నల్ల రెక్సిన్ తొడిగి కుట్టాడు. సీటు గుల్లలోకి దాన్ని దించి నాలుగు పట్టీలతో బిగించాక, పిడికిలితో గుద్ది చూశాడు. కదల్లేదు.

సాయంత్రం చిటికెన ఎక్కి కూర్చుంది. ఇప్పుడు ముందు నుంచి చూస్తే గడ్డం దాకా కనిపిస్తోంది. పది అడుగుల దూరంలో నేల మీద పెట్టిన డబ్బా తనకు కనిపిస్తోందని చెప్పింది. క్లచ్ చివరి దాకా తొక్కింది. బ్రేకు తొక్కింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది," అంది వెంటనే.

ఆ వెంటనే అనడం మేస్త్రికి నచ్చలేదు. కొత్త చొక్కా నిజంగా సరిపోయినవాడు వెంటనే చెప్పడు, చేతులు పైకెత్తి చూస్తాడు, వంగి చూస్తాడు. కానీ బామ్మర్ది అప్పటికే రెంచీలు సంచిలో వేసుకుంటున్నాడు.

*

శుక్రవారం రన్‌వే మీద మొదటి చుట్టు నిమిషం పదహారు. రెండోది నిమిషం పదిహేను, పైన ఎనిమిది. మూడోది మళ్ళీ పదహారు.

బామ్మర్ది గడియారాన్ని చెవి దగ్గర పెట్టి ఊపాడు, తప్పు దానిదైతే బావుండునన్నట్టు.

"బ్రేకు దగ్గర పోతోంది. మలుపు ఇంకా అల్లంత దూరం ఉండగానే తొక్కేస్తోంది. ఏమే, భయమా?"

"భయమైతే వచ్చేదాన్నా మామయ్యా?" కిటికీలోంచి అంది. ముఖం నిండా చెమట. "పూర్తిగా తొక్కాలంటే ముందే మొదలుపెట్టాల్సి వస్తోంది. ఆఖరి అంగుళం కాలివేళ్ళతో తొక్కుతున్నా."

"అయితే పెడల్ దూరమైంది." బామ్మర్ది అక్కడే ఎండలో పడుకుని, పలక మీద ఇంకో పలక పెట్టి బిగించాడు. ఈసారి నిమిషం పద్నాలుగు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడే తనిఖీ ఆయన సైకిల్ దిగి వచ్చాడు. ఆదివారం చూడాల్సినవి ముందే ఒకసారి చూసి పోవడం ఆయన అలవాటు. తల కారులోకి దూర్చి, బ్రేకు పలకను బొటనవేలితో పక్కకు నెట్టాడు. పై పలక వెంట్రుకవాసి కదిలింది.

"ఇది తీసెయ్యండి."

"బిగించానండీ, నాలుగు బోల్టులు..."

"నలభై వేసుకో. ఒకదాని మీద ఒకటి నేను ఒప్పుకోను. ఊడి బ్రేకు కింద ఇరుక్కుంటే ఆ అమ్మాయి ఎక్కడ ఆగుతుంది? కంచె దాటాక." ఆయన తల బయటికి తీశాడు. "పెడల్ ఇంతకంటే రాదు. మనిషే ముందుకు రావాలి."

"మనిషి ముందుకొస్తే స్టీరింగ్ తొడలకి తగుల్తుంది."

"అది నా సమస్య కాదు," అని సైకిల్ ఎక్కాడు.

పలక తీసేశారు. సమయం మళ్ళీ నిమిషం పదహారుకు పోయింది. మేస్త్రి కూతురిని ఎండలో, కారు పక్కన, బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టి కొలిచాడు. పద్నాలుగున్నర. పదమూడు. ఇంకోసారి కొలిచాడు. అవే. నడుము దగ్గర టేపు మెలికపడిందేమోనని విప్పి మళ్ళీ పట్టాడు.

"నాన్నా, పొద్దుటి నుంచి ఇది అయిదోసారి. నేనేం మారట్లేదు."

"మాట్లాడకు. మాట్లాడితే ఊపిరి కదుల్తుంది."

నిచ్చెన కూడా వచ్చాడు చూడ్డానికి. రానక్కర్లేదు, అతని చుట్టు సమయం రాసేసి ఉంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కంచె దగ్గర మూడు చుట్లు చూసి, మేస్త్రి పక్కకు నడిచొచ్చాడు. చెప్పనా వద్దా అని ఒక క్షణం తటపటాయించాడు.

"మేస్త్రీ, ఆమె ప్రతి మలుపు ముందూ ఒకసారి నడుము ముందుకు జరుపుకుంటోంది. తర్వాత మళ్ళీ వెనక్కి. చూశారా?"

మేస్త్రి చూడలేదు. కాళ్ళే చూస్తున్నాడు. ఆ తర్వాతి చుట్టులో నడుము చూశాడు. నిచ్చెన చెప్పింది నిజం. బల్లి గోడ మీద కదిలినట్టు, ఒక జరుగు ముందుకు, ఒక జరుగు వెనక్కి.

"సీటు జారుతోందా?" అని అడిగాడు ఆమె దిగగానే.

"లేదు."

"గుచ్చుకుంటోందా?"

"లేదు నాన్నా. సీటు బావుంది. నేను సర్దుకుంటాలే."

ఇంటికి వెళ్ళే దారిలో బామ్మర్ది, "కొలత తప్పుంటుందా బావా?" అన్నాడు. మేస్త్రి నడక ఆపి అతని వైపు చూశాడు.

*

శనివారం పొద్దున్నే మేస్త్రి షెడ్డుకెళ్ళి సీటు ఊడదీసి ఇంటికి మోసుకొచ్చాడు. కోత బల్ల ఇంట్లో కిటికీ కింద ఉంటుంది. సీటును దాని మీద పెట్టి చుట్టూ తిరిగాడు. బల్ల అంచున సుద్ద అంకెలు చూశాడు, సీటు చూశాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. వీపు వైపు ఇంకో పొర ఫోమ్ వేస్తే మనిషి ముందుకొస్తుంది, కానీ స్టీరింగ్ తగుల్తుంది. తీసేస్తే వెనక్కి పోతుంది, కాళ్ళు అందవు. ఏం చేసినా ఒకచోట తగ్గుతుంది, ఒకచోట మిగులుతుంది.

"సీటుతో పెళ్ళి చూపులా?" అంది భార్య, ఆరేసిన బట్టలు మడతపెడుతూ. "రాత్రంతా మీరు పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. ఆ దుప్పటి అంచు ఎన్నిసార్లు కొలుస్తారు?"

"కొలత తప్పలేదు. ఆరుసార్లు చూశాను."

"పిల్లని ఆరుసార్లు చూశారు. సీటుని ఎన్నిసార్లు చూశారు?"

సీటును కొలవడమేమిటి? తన చేత్తో కుట్టింది. నలభై ఏళ్ళలో గుండీ దగ్గర తప్పు రావచ్చు, కొలత ఇచ్చి వెళ్ళిన మనిషి లావెక్కి రావచ్చు, తన కోత మాత్రం తప్పలేదు. వెనకభాగం సంగతి చూద్దామని కుట్టు విప్పే బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. భార్య వచ్చి అవతలి అంచు పట్టుకుంది. దర్జీ రోజుల నుంచీ విప్పే పని ఇద్దరిదీ. అతను వెనక నుంచి విప్పుతుంటే ఆమె, ఊరికే ఉండలేక, ముందు అంచు దగ్గర నుంచి విప్పడం మొదలుపెట్టింది.

కాసేపటికి ఆమె చెయ్యి ఆగింది.

"ఏవండీ. ఇదేంటి?"

మోకాళ్ళ కింద వచ్చే అంచులో, కుట్టు లోపల, రెక్సిన్ మడత ఉంది. రెండు వేళ్ళ వెడల్పు. అంచు పొడవునా ఒకే తీరుగా మడిచి, పెద్ద కుట్టుతో, లాగితే సులువుగా ఊడివచ్చేలా పట్టి ఉంది. భార్య దాన్ని చూపుడువేలితో తడిమింది.

"దీన్నెందుకు మడిచారు? తర్వాత విప్పుకోడానికా?"

అతను ఆమె చేతిలోంచి అంచు లాక్కుని చూశాడు. తన కుట్టే. అందులో సందేహం లేదు. టేపు తీసి, మొదటిసారి, సీటును కొలిచాడు. వీపు నుంచి ముందు అంచు దాకా పదహారు. బల్ల మీద సుద్ద అంకె పద్నాలుగున్నర. మళ్ళీ కొలిచాడు. పదహారు.

దర్జీ పని చేసినన్నాళ్ళూ అతని మిషను మీద బళ్ళో పిల్లల బట్టలే ఎక్కువ. ఏడాదికి మూడువందల జతలు. ఏ తల్లి వచ్చినా ఒకటే మాట, కాస్త వదులుగా పెట్టండి, వచ్చే ఏడు కూడా రావాలి. కొలతకు రెండు వేళ్ళు కలిపి కోసేవాడు, లోపల ఇంకో రెండు వేళ్ళు మడిచి పెట్టేవాడు. పిల్లాడు ఎదిగాక తల్లి ఆ మడత విప్పుకునేది. ఏ కొలతలకు అలా చెయ్యాలో అతను ఆలోచించేవాడు కాదు. పద్నాలుగున్నర, పదమూడు అని టేపు చెబితే చెయ్యే కలిపేది, చెయ్యే మడిచేది. బుధవారం టేపు పద్నాలుగున్నర, పదమూడు అని చెప్పింది.

భార్య సీటు వంక చూసింది, అతని వంక చూసింది. నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఇంకేదైనా ఆపుకుంటోందో అతనికి తెలియలేదు.

"పిల్ల ఎదుగుతుందని పెట్టారా?"

"నేను పెట్టలేదు. చెయ్యి పెట్టింది."

గుమ్మంలో తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని చిటికెన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. వచ్చి బల్ల ముందు నిలబడింది. మడతను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, తెల్లగా కనిపిస్తున్న దారం చూసింది.

"నాకు ముప్పై రెండు నాన్నా," అంది. "ఇంకా ఎంత ఎదగమంటావ్?"

మేస్త్రి చేతిలో బ్లేడు బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "కూర్చోగానే నీకు తెలిసే ఉంటుంది. అంచు మోకాళ్ళ వెనక తగిలి ఉంటుంది. వీపు ఆనిస్తే కాళ్ళు అందవు, కాళ్ళు అందితే వీపు ఆనదు."

"తెలిసింది."

"మరి సరిపోయిందన్నావ్."

"నువ్వు కుట్టావ్ కదా. తప్పు నాదేమో అనుకున్నా." తువ్వాలు కొస పిండింది. నీళ్ళు నేల మీద పడ్డాయి. "నాకేదైనా సరిపోకపోతే నేనే సర్దుకుంటా నాన్నా. కుర్చీలో, బస్సులో, బ్యాంకులో కౌంటరు దగ్గర. అదీ అలాగే అనుకున్నా. నా ఫ్రాకులన్నిట్లోనూ ఇది ఉండేది. ఒక్కటి కూడా విప్పలేదు అమ్మ."

"ఎందుకు విప్పుతాను, విప్పే పనిబడితే కదా," అని మొదలుపెట్టి భార్య మధ్యలో ఆగిపోయింది.

పక్కింటి పంపు కింద బిందె నిండి పొంగుతున్న చప్పుడు వినిపించింది. మేస్త్రి లేచి, చెక్కబల్ల కూతురి వైపు జరిపాడు.

"కూర్చో."

"మళ్ళీనా?"

"మొన్న కొలిచింది ఊరికే కూర్చున్న మనిషిని. కాలు చాపి, బ్రేకు తొక్కినట్టు గోడని తొక్కు. బలంగా తొక్కు."

ఆమె తొక్కింది. తొడ కింద కండ బిగిసింది. బిగిసినప్పుడు అతను కొలిచాడు. పద్నాలుగుంపావు. తల్లిని పిలిచి ఆమె చేత కూడా కొలిపించాడు, తన చేతి మీద తనకు నమ్మకం లేనట్టు.

"పద్నాలుగుంపావు," అంది తల్లి.

"ఎంత వదులు పెట్టను?" అన్నాడు కూతురితో. అడగడం అదే మొదటిసారి.

"దారం కూడా వద్దు."

అతను అంచు దగ్గర ఫోమ్ పద్నాలుగుంపావుకు కోశాడు. మోకాళ్ళ వెనక వచ్చే చోట వాలుగా చెక్కాడు. మడత మొత్తం కత్తిరించి కింద పడేశాడు. రెక్సిన్ మళ్ళీ తొడిగి, ఇక విప్పడానికి వీల్లేకుండా చిన్న కుట్టుతో, జంట దారంతో కుట్టాడు. ప్రతి జానెడుకూ ఆగి, టేపుతో చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా కుడుతున్న మనిషి అలా చూసుకోవడం భార్య ఎప్పుడూ చూడలేదు. దారం అందించింది.

*

ఆదివారం తనిఖీ ఆయన పలకలు నెట్టి చూశాడు, కదల్లేదు. సీటును రెండు చేతులా లాగాడు, రాలేదు. కాగితం మీద గీత పెట్టాడు. అప్పుడు కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క విషయం. న్యాయంగా ఉండాలి కదా. అతను ఎనభై ఆరు కిలోలు. ఈ అమ్మాయి ముప్పై ఎనిమిది. కారు మోసే బరువులో నలభై ఎనిమిది తేడా."

"అతని కాళ్ళు పొడుగని ఎవరైనా అతని కాళ్ళు కోశారా?" అన్నాడు బామ్మర్ది.

"నేను అడగలేదు," అన్నాడు నిచ్చెన, నేల చూస్తూ. "నాకేం అభ్యంతరం లేదు."

"నాకుంది," అన్నాడు కెప్టెన్. "రేపు ఎవరూ మాట అనకూడదు. పక్క సీట్లో ఇసుక బస్తా పెట్టండి."

తనిఖీ ఆయన తల అడ్డంగా ఊపాడు. "బస్తాకి తుంటి ఎముక ఉండదు. బెల్టు దేన్ని పట్టుకుంటుంది? బరువు కావాలంటే మనిషిని కూర్చోబెట్టండి. మనిషికి హెల్మెట్ పెట్టండి."

అందరూ ఒకర్నొకరు చూసుకున్నారు. బామ్మర్ది తొంభై దాటతాడు. కెప్టెన్ సంగతి అడగక్కర్లేదు. బామ్మర్ది చూపు బావ దగ్గర ఆగింది. మేస్త్రిని కార్లు తూచే పలక మీద నిలబెట్టారు. నలభై ఆరు. హెల్మెట్, అరువు బూట్లతో కలిపి నలభై ఎనిమిది.

"కొలిచి చేసినట్టున్నావ్ బావా," అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి ఎన్నో కార్ల సీట్లు కుట్టాడు గానీ కదిలే కారులో ముందు సీట్లో కూర్చున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పక్క సీటు కారుతో వచ్చినదే, ఎవరూ ముట్టుకోలేదు. బెల్టు బిగించారు. చిటికెన అటు వైపు కూర్చుంది. కుడి కాలు ఒకసారి చాపి బ్రేకు తొక్కింది, చేతులు స్టీరింగ్ మీద పెట్టింది, భుజాలు కదిపింది, వంగి చూసింది. వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక అంది.

"సరిపోయింది."

రెండు చుట్లు ఇస్తారు, మంచిది లెక్కలోకి వస్తుంది. జెండా పడింది. మేస్త్రి వీపు సీటుకు అతుక్కుపోయింది. మొదటి మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కింది, అతను ముందుకు జారాడు. బెల్టు పొట్ట మీదికి, పొట్ట మీంచి ఛాతీ మీదికి ఎక్కింది. కాళ్ళు ఆనించుకుందామని చూశాడు, ఆనలేదు. రెండో మలుపులో పక్కకు ఒరిగాడు. మూడో మలుపు లోపలికి తిరుగుతుండగా అతని కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండా, గాల్లో దేనికోసమో వెతికి కూతురి మోచెయ్యి పట్టుకుంది. కారు గీత దాటి గడ్డి అంచు తాకి వచ్చింది.

నిమిషం పదమూడు, పైన ఒకటి.

చిటికెన గీత దగ్గర ఆగి, హెల్మెట్ అద్దం ఎత్తి ఊపిరి తీసుకుంది. బామ్మర్ది పరిగెత్తుకుంటూ వచ్చి అంకె చెప్పి, మేస్త్రి వంక చూశాడు.

"నేను దిగిపోతాను," అన్నాడు మేస్త్రి.

"దిగితే బరువు తగ్గుతుంది నాన్నా. చుట్టు చెల్లదు."

"మళ్ళీ పట్టుకుంటే?"

"పట్టుకోకు."

అతను చేతులు చూసుకున్నాడు. బుధవారం చెప్పకుండా రెండు వేళ్ళు కలిపింది ఇవే. ఇప్పుడు చెప్పకుండా మోచెయ్యి పట్టుకుంది ఇవే. మాట వినే రకం కాదు. రెండు అరచేతులూ పైకి తిప్పి, ఒక్కో తొడ కింద ఒక్కోటి దోపి, వాటి మీద బరువుగా కూర్చున్నాడు.

"పోనీ," అన్నాడు.

ఈసారి మొదటి మలుపు దగ్గర ఆమె ఎంతకీ బ్రేకు తొక్కలేదు. కంచె స్తంభాలు ఒక్కోటీ లెక్కపెట్టగలిగేంత దగ్గరికొచ్చాయి. అప్పుడు తొక్కింది, ఒకే తొక్కుడు, మడమ రేకు మీంచి లేవకుండా. అతను ముందుకు జారాడు, వెనక్కి పడ్డాడు. చేతులు కింద నలుగుతున్నాయి, తియ్యలేదు. తల మాత్రం పక్కకు తిప్పాడు. ఆమె నడుము చూశాడు. రెండో మలుపులో చూశాడు, మూడో మలుపులో చూశాడు. చొక్కాకూ రెక్సిన్‌కూ మధ్య వెలుతురు రాలేదు. నడుము ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. కాలు మాత్రం పోయి వస్తోంది. రోడ్డు ఎటు తిరిగిందో, ఎంత వేగం వెళ్ళిందో తర్వాత అడిగితే అతను చెప్పలేకపోయాడు.

గీత దాటాక కారు చాలా దూరం వెళ్ళి, నెమ్మదించి, వెనక్కి తిరిగింది. ఎదురుగా బామ్మర్ది గడియారం పైకెత్తి పరిగెత్తుకొస్తున్నాడు. అతని వెనక నిచ్చెన, పొడుగు అంగలతో, పరిగెత్తకుండానే అతన్ని దాటేస్తున్నాడు. ముందు చేరింది అతనే. కిటికీ దగ్గర వంగాడు, బాగా వంగాల్సి వచ్చింది.

"నిమిషం పన్నెండు, పైన సున్నా," అన్నాడు. ఒక క్షణం ఆగి చెయ్యి లోపలికి చాపాడు. చిటికెన గ్లవ్ తీసి ఆ చెయ్యి అందుకుంది.

"ఓడిపోయినవాడు ముందొచ్చి చెప్పడమేంటయ్యా, నన్ను చెప్పనివ్వకుండా!" అని బామ్మర్ది వెనక నుంచి రొప్పుతూ అరిచాడు. కారు పైకప్పు మీద రెండు చేతులా చరిచాడు. దూరంగా కెప్టెన్ తనిఖీ ఆయన కాగితంలోకి తొంగి చూశాడు, ఆయన చేతిలోంచి తీసుకుని ఇంకోసారి చూశాడు, తర్వాత ఇటువైపు చెయ్యి ఎత్తాడు.

కారును మళ్ళీ తూచాలి, అది పద్ధతి. చిటికెన మనిషి నడక వేగంతో తూకం పలకల వైపు పోనిచ్చింది. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొంతదూరం వెళ్ళాక పక్కకు, కిందికి చూసింది.

"నీ కాళ్ళు ఆనట్లేదు నాన్నా."

మేస్త్రి కిందికి చూశాడు. అరువు బూట్ల మడమలు నేలకు బెత్తెడు పైన ఊగుతున్నాయి.

"అవును," అన్నాడు. "నేను చూడలేదు."

"నేను మొదటి చుట్టులోనే చూశా."

"మరి చెప్పలేదేం?"

"నడుపుతున్నా కదా."

అతను తొడల కింద నుంచి చేతులు బయటికి లాగాడు. తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి. వేళ్ళ వెనక, కణుపులకు అడ్డంగా, సీటు కుట్టు అచ్చు ఎర్రగా పడి ఉంది. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో వేసిన కుట్టు. చేతిని కిటికీ వెలుతురులో పెట్టి, కళ్ళు చికిలించి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"అంగుళానికి ఆరే వేశారు," అన్నాడు.

"ఏంటి?"

"ఏం లేదు. నువ్వు ముందు చూసి నడుపు."